ఉత్తరపు వసారాలో కనకాంబరం

ఆరు పెద్ద కుండలు సంపాదించాలి. అడుగున చిల్లులు పెట్టాలి. చెరువు మట్టి, ఇసుక, చివికిన పేడ కలపాలి. కావలి నుంచి గులాబి అంట్లు తేవాలి. నాగులమ్మవ్వ ముందు నోరు అదుపులో పెట్టుకోవాలి. సామ్రాజ్యంతో మాట్లాడాలి.

చివరి పనిని గంగాధరం రెండుసార్లు కొట్టేసి, మూడోసారి మళ్లీ రాసుకున్నాడు.

బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఆ పట్టపుపాలెంలో బీయస్సీ చదివిన మొదటివాడు అతనే. తండ్రి ముత్యాలయ్య వలలు లాగి చదివించాడు. పంతొమ్మిది వందల అరవై మూడులో కావలిలో మాస్టరుద్యోగం వచ్చింది. వరసకు సామ్రాజ్యానికి బావ అవుతాడు గానీ, ఆ పిల్ల ఏనాడూ బావా అని పిలిచిన పాపాన పోలేదు. "సారూ" అంటుంది. అదీ మూతి తిప్పి.

ఆషాఢంలో ధైర్యం చేసి పిల్లనడగడానికి పోయాడు. ఆ ఇంట్లో సామ్రాజ్యం నాయనమ్మ నాగులమ్మవ్వ మాటే మాట. తుంటి విరిగి రెండేళ్లుగా ఉత్తరపు వసారాలో నులక మంచం మీదే ఉంది. పైన తాటాకు చూరు, ఎదురుగా పక్కింటి గోడ. ఎండ పొడ అటు తొంగి చూడదు.

"సూళ్లూరుపేట పక్కోళ్లు అడగతా ఉండారబ్బయా. రెండు పడవలంట. కార్తీకం మొదట్లో వస్తారు. నీకేముంది?" అంది అవ్వ.

"బీయస్సీ ఉంది అవ్వా. బాటనీ."

"అంటే ఏంది?"

"చెట్ల చదువు."

అవ్వ తల ఎత్తింది. "అట్టనా! అయితే ఈ వసారాలో పూలు పూయించు. ఎండలో పూసేదాన్ని చూసేదానికి నేను లేచి పోలేను గదా. నా కాడికే రావాల పువ్వు. వాళ్లొచ్చే లోపల ఇక్కడ పూసిన పువ్వు దీని జడలో పెట్టినావంటే పిల్ల నీదే. లేదంటే వాళ్లకు మాటిచ్చేస్తా."

తలుపు చాటున గాజులు గలగలమన్నాయి. అది నవ్వో, కోపమో గంగాధరానికి అంతుపట్టలేదు.

గులాబీలు నాటి నెల తిరిగేసరికి ఆకులు అంచులు మాడి రాలిపోయాయి. కుండల పైన తెల్లటి పొడి పేరుకుంది. గంగాధరం తల పట్టుకుని కూర్చుంటే సామ్రాజ్యం చేటతో అటుగా వచ్చింది.

"సారూ, ఈ కుండలు ఏడనుంచి తెచ్చినావు?"

"రమణయ్య మామ ఊరికే ఇచ్చినాడు."

"ఊరికే ఎందుకిచ్చినాడో అడిగినావా?" కుండ అంచు నుంచి పెంకు ఒకటి విరిచి అతని చేతిలో పెట్టింది. "నాలిక మీద పెట్టి చూడు."

పెట్టాడు. ముఖం వంకర్లు పోయింది.

"ఏండ్లకేండ్లు చేపలు ఊరబెట్టిన కుండలు సారూ! పట్టపోళ్ల ఇంట పుట్టి ఉప్పు కుండలో గులాబి నాటినావు. దీనికి కాలేజీ కూడానా?"

"కడిగినానే!"

"మట్టి తాగిన ఉప్పు కడిగితే పోతాదా?"

"ముందే చెప్పొచ్చు గదా!"

"అడిగితే గదా చెప్పేదానికి. సార్లు అడగరు, చెప్తారు."

గంగాధరం లేచి నిలబడ్డాడు. "ఇప్పుడు అడుగుతా ఉండా. ఏం చెయ్యాల?"

సామ్రాజ్యం నవ్వు ఆగింది. చేట చంకకు మార్చుకుని, నేల చూస్తూ చెప్పింది. "గులాబి ఎండబిడ్డ. తెచ్చి నీడలో కట్టేస్తే ఏం పూస్తాది? నీడలో కాపురం చేసే మొక్కను వెతుకు."

ఆదివారం సైకిలెక్కి తోటలన్నీ తిరిగాడు. ఒక కొబ్బరితోటలో, మట్టల కింద చెదురునీడలో, కొమ్మ చిటారున పసుపూ ఎరుపూ కలిసిన కనకాంబరాలు. తోటమాలిని బతిమాలి ఆరు మొక్కలు వేళ్లతో తెచ్చాడు. కుమ్మరి దగ్గర కొత్త కుండలు తీసుకున్నాడు. ఎదురుగోడకు తానే సున్నం కొట్టాడు. ఆ తెలుపు మీద పడ్డ వెలుతురు తిరిగి వచ్చి మొక్కలకు తగిలింది. రోజూ బడి నుంచి రాగానే ఇసుకలో తవ్విన చెలమలో మంచినీళ్లు ముంచుకొచ్చి, ఉప్పుగాలి పట్టిన ఆకులు కడిగాడు.

"సారు నడుముకు బిందె బలే కుదిరింది!" అని రమణయ్య నవ్వితే, "రేపు ఇంకో బిందె తెస్తా మామా" అన్నాడు.

ఒక సాయంత్రం నీళ్లు పోయబోతుంటే సామ్రాజ్యం చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. వేలు పెట్టి చూడు. లోపల తడుంటే పొయ్యబాక. నీడలో మట్టి నిదానంగా ఆరతాది."

ఇద్దరి వేళ్లూ ఒకే కుండలో దిగాయి. తడి ఉందో లేదో చెప్పడం ఇద్దరూ మరిచిపోయారు.

కార్తీకం వచ్చింది. పూల కంకులు పచ్చగా లేచాయి గానీ పువ్వు లేదు. తెల్లవారితే సూళ్లూరుపేట వాళ్లు వస్తారు. ఆ మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. గంగాధరం నిలువునా తడిసి వసారాలోకి వచ్చాడు.

"అవ్వా, గడువైపోయింది. నేను ఓడినా. కానీ ఈ కుండలు తీసుకుపోను. పెళ్లి ఎవరితో చేసినా రోజూ వచ్చి నీళ్లు పోస్తా. ఇవి పూయకపోతే విత్తనం నాటతా. నీకు పువ్వు చూపించే దాకా వదలను."

టప్. టప్. టపటప.

"ఏందిరా ఆ చప్పుడు? గుండెనా?" అంది అవ్వ.

విత్తనానికని కొబ్బరితోటలో ఏరి చొక్కా జేబులో వేసుకున్న కనకాంబరం ఎండు కాయలు! వాననీళ్లు తగిలి పగిలి, గింజలు చిమ్ముతున్నాయి. ఒకటి అవ్వ ఒడిలో, ఒకటి సామ్రాజ్యం బుగ్గ మీద. అవ్వ మంచం కిర్రుమనేలా నవ్వింది.

సామ్రాజ్యం బుగ్గ తుడుచుకుంది. చివరి కుండ ఆకులు మెల్లగా పక్కకు తీసింది. వెనక, గోడవైపు, ఒక్క కంకి మీద రెండు పూలు.

"ఎప్పుడు పూసినాయి?" గంగాధరం కుండ మీదికి వంగాడు.

"పొద్దున. నువ్వే చూస్తావని చెప్పలేదు." జడ ముందుకు వేసుకుంది. "ఏం చూస్తా ఉండావు? పెట్టు."

అతను రెండు పూలూ తుంచి జడలో గుచ్చాడు.

"వంకరగా పెట్టినావు బావా."

అవ్వ కళ్లొత్తుకుంది. "ఒరే వెంకయ్యా!" అని కొడుకును కేకేసింది. "సూళ్లూరుపేటోళ్లకు కబురు పంపురా. మా పిల్ల జడలో పువ్వు పెట్టేసినారని చెప్పు."

మాఘంలో పెళ్లయింది. ఆ వాన రోజున చిమ్మిన గింజలు వసారా గట్టు పొడుగునా మొలిచాయి. అవ్వ మరో మూడేళ్లు బతికింది, కళ్లు తెరిస్తే పువ్వు కనపడే చోట. చదువుతున్న మీకు ఎప్పుడైనా నీడపట్టున, ఏ వసారా కుండలోనో కనకాంబరం కనిపిస్తే, కోసే ముందు ఒక్కసారి నాగులమ్మవ్వను తలుచుకోండి.