నాలుగో స్థానం

టాసు పడగానే అనంతపురంలో జనం టీవీలు కట్టేశారు.

కట్టేయక ఏం చేస్తారు? భారత జట్టు ఓడిపోయి తొమ్మిదేళ్ళు దాటింది. ముందు ఎవరు బ్యాటు పడతారో తెలిస్తే చాలు, ఆ తర్వాతిదంతా తెలిసిన కథే. గెలిచిన రాత్రి టపాకాయలు కాల్చడం కూడా ఎప్పుడో మానేశారు. పొద్దు పొడిచిందని ఎవడైనా టపాకాయలు కాలుస్తాడా?

ఇది ఇంకో యాభై ఏళ్ళ తర్వాతి మాట. అప్పటికి ఆ ఊరి చుట్టూ కనుచూపు మేరా సౌరపలకలే. వేరుశనగ పండిన ఎర్రనేలలో ఎండ పండుతోంది. ఆ పలకల నడుమే జాతీయ శిక్షణ మైదానం. అక్కడ బ్యాటింగ్ నేర్పే ఓబులేసు మాత్రం టీవీ కట్టలేదు. ఆట మీద ఆశతో కాదు. ఓవర్ల మధ్య నీళ్ళ సీసాలు మోసుకుని పరిగెత్తే తన శిష్యుడు మారెన్న ఒక్క క్షణమైనా కనబడతాడని.

గెలిచే జట్టు వెనకాల ఇంకో జట్టు ఉంటుంది. బోర్డు దానికి పెట్టిన పేరు భవిష్యత్ దళం. ఆడేవాళ్ళు మాత్రం నీళ్ళ జట్టు అంటారు. ముప్పై నిండేలోగా ఒక్క మ్యాచి అయినా దక్కకపోతే, ఒక సాయంత్రం సభ పెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి, శాలువా కప్పి ఇంటికి పంపుతారు. లోకానికి శాలువా గౌరవం. నీళ్ళ జట్టులో "వాడికి శాలువా పడింది" అంటే శవానికి గుడ్డ కప్పినట్టే. ఓబులేసుకు అది పడి పదిహేడేళ్ళయింది. దాన్ని అతను బీరువాలో దాచుకోలేదు, పారేయనూ లేదు. పిచ్‌ను చదును చేసే రోలరు సీటు ఎండకు కాలుతుంది కనుక దాని మీద పరిచాడు. రోజూ దాని మీదే కూర్చుంటాడు.

ఆ శాలువా ఎవరి మాటతో పడిందో కూడా అతనికి తెలుసు. ఒక స్థానానికి కొత్తవాణ్ణి తీసుకోవాలంటే ముందు ఆ స్థానంలో ఆడుతున్నవాడి అభిప్రాయం అడగాలి. అది జట్టు ఆనవాయితీ. ఇంకో అల్లుణ్ణి తెచ్చుకోవచ్చా అని ఉన్న అల్లుణ్ణి అడిగినట్టు! నాలుగో స్థానంలో ఆడుతున్న దండమూడి విక్రాంత్‌ను అడిగారు. తలుపు అవతల నిలబడి ఓబులేసు చెవులారా విన్నాడు. "మంచి ఆటగాడేనండి. ఇంకో ఏడాది పండనివ్వండి." ఆ మాటతో పాటు ఇంకో చప్పుడు. విక్రాంత్ ఏమీ తోచనప్పుడు బొటనవేలి గోటితో బ్యాటు పిడిని గీకుతాడు. ఎలుక కొరికినట్టుంటుంది. అదే ఏడాది ఓబులేసుకు ముప్పై నిండాయి.

ఆ విక్రాంత్ ఇప్పటికీ ఆడుతున్నాడు. మార్చిన మోకాళ్ళతో, మార్చిన కంటి కటకాలతో, నలభై అయిదేళ్ళ వయసులో, అదే నాలుగో స్థానంలో.

మారెన్న సిరీస్ నుంచి తిరిగొచ్చాడు. వచ్చే ఉగాదికి వాడికి ముప్పై. రోలరు పక్కన గొంతుక్కూర్చుని అడిగాడు.

"మామా, నిజం చెప్పు. నా ఆటలో ఏమన్నా లోపముందా?"

"నీ ఆటకేమిరా. నీ మాదిరి ఆడేటోడు ఈ దేశంలో ల్యాడు."

"మరి ఎప్పుడు ఆడిస్తారంట?"

"జట్టు ఓడుతాంటే ఇప్పుడు ప్రయోగాలు చేసే టైమా అంటారు. గెలుస్తాంటే గెలిచే జట్టును ఎవడన్నా కదిలిస్తాడా అంటారు. మనకు ముహూర్తం ఏ పంచాంగంలోనూ ల్యా."

"ఉగాదికి శాలువా ఏ రంగుది కప్పుతారో."

"నోరు మూయ్. నాది ఉల్లిగడ్డ రంగు. చూడు, కూర్చుని కూర్చుని ఎట్లయిందో."

మారెన్న నవ్వాడు. ఓబులేసుకు నవ్వు రాలేదు.

లోపం లేదని అతను వాడి మనసు నిలబెట్టడానికి అనలేదు. మారెన్న తండ్రి సౌరపలకలు కడిగే పనివాడు. పిల్లవాడు ఆ పలకల వరసల మధ్య సందులోనే ఆట నేర్చాడు. బంతి లేచి పలకకు తగిలిందా, కావలివాడు బ్యాటు లాక్కుని పోతాడు. అందుకే వాడి దెబ్బ గాలిలోకి లేవదు. బంతి దాటిపోయిందనుకున్నాక, కడపటి క్షణంలో మణికట్టు విదిలిస్తాడు. బంతి నేలను నాకుతూ, ఇనుప కాళ్ళ మధ్య పాములా దూరి పోతుంది. దాన్ని ఓబులేసు సందు దెబ్బ అనేవాడు. పదిహేడేళ్ళుగా బ్యాటింగ్ నేర్పుతున్నవాడు, ఆ ఒక్క దెబ్బనూ తాను నేర్పలేదని ఒప్పుకునేవాడు.

ఆ వారమే డాక్టర్ నస్రీన్ కబురు పెట్టింది. మైదానం పక్కనే ఆమె పరిశోధనశాల. ఆమె చేసిన యంత్రానికి శాస్త్రీయమైన పేరు నాడీ వాటముద్రణి. ఇంజనీర్లు మోటార్ ప్రింటర్ అంటారు. పనివాళ్ళకు అది వాటం మిషను.

"చేతి వాటమనేది చేతిలో ఉండదు, ఓబులేసు గారూ," అందామె. "వెనక తలలో, చిన్నమెదడులో ఉంటుంది. సెరెబెల్లమ్. లక్ష బంతులు ఆడినవాడి చిన్నమెదడులో లక్ష బంతుల దారులు పడి ఉంటాయి. బండి చక్రాలకు మట్టిదారిలో గాడి పడినట్టు. అయస్కాంత తరంగాలతో ఆ గాళ్ళను చదివి ఇంకొకరి చిన్నమెదడులో అచ్చు వేస్తాం."

"అంటే విక్రాంత్ మనసు కూడా మావానికి వస్తాదా?"

"రాదు. ఆలోచన, జ్ఞాపకం, ఇష్టం, కోపం, ఇవన్నీ పెద్దమెదడువి. మధ్యలో స్మృతి జల్లెడ పెట్టాను. పిండి దిగుతుంది, పొట్టు పైనే ఆగిపోతుంది. మారెన్న మారెన్నగానే ఉంటాడు. చేతులు మాత్రం విక్రాంత్‌వి."

విక్రాంత్ మోకాలు ఇక మార్చడానికి లేదట. గెలిచే జట్టును కదపకుండానే మనిషిని మార్చే ఉపాయం ఇదొక్కటేనని బోర్డు తేల్చింది. నీళ్ళ జట్టులో విక్రాంత్ ముద్రకు సరిపడే మెదడు మారెన్నదేనట.

"వాని ఆట ఏమైతాది?" అన్నాడు ఓబులేసు.

నస్రీన్ కళ్ళు దించుకుంది. "ఒక గాడి మీద ఇంకో గాడి పడితే పాతది చెరిగిపోతుంది. వెనక్కి తేలేం."

మారెన్న ఒకే మాట అన్నాడు. "మామా, నువ్వు ఊ అంటే నేను ఊ."

ఓబులేసు వాడి మణికట్టు వైపు చూశాడు. సందు దెబ్బ కళ్ళ ముందు మెదిలింది. దాని వెనకే ఉగాది, సభ, మడత విప్పని శాలువా. ఆడని ఆట ఎంత అందమైనదైతే ఎవడికి కావాలి? వాడు ఆ మైదానంలోకి నీళ్ళ సీసా లేకుండా దిగడం చూస్తే చాలు.

"ఊ," అన్నాడు.

ముద్రణ రోజున పక్కపక్క మంచాల మీద ఇద్దరినీ పడుకోబెట్టారు. గుండు చేసిన విక్రాంత్ తల తిప్పి నవ్వాడు.

"ఏవోయ్ ఓబులేసూ, ఆఖరికి మీవాడికే ఇచ్చి పోతున్నా చూశావా!"

"ఇస్తాండేది చెయ్యా, చోటా, విక్రాంత్ గారూ?"

"రెండూ ఒకటేనోయ్. నీకెప్పటికీ అర్థం కాదు."

మెల్‌బోర్న్‌లో మారెన్న మొదటి మ్యాచి ఆడాడు. ఆ రోజు టాసు తర్వాత కూడా అనంతపురంలో టీవీలు నడిచాయి. పలకలు కడిగేవాళ్ళు పైపులు వదిలేసి వచ్చారు. మారెన్న నూటపద్దెనిమిది కొట్టాడు. నిలబడే తీరు, అడుగు వేసే తీరు, ముంజేతితో చెమట తుడుచుకునే తీరు, అన్నీ విక్రాంత్‌వే. "అచ్చం ఆయనే!" అని జనం మురిసిపోయారు. ఒకచోట బంతి దాటిపోతూ దాటిపోతూ సందు దెబ్బకు తీరుగా వచ్చింది. ఓబులేసు టీవీ ముందు కుర్చీలో ముందుకు జరిగాడు. మారెన్న బ్యాటు పైకెత్తి దాన్ని హుందాగా వదిలేశాడు, విక్రాంత్ వదిలేసినట్టు.

ఆ సాయంత్రం మారెన్న ఫోన్ చేశాడు. "మామా, సూసినావా?"

"సూసినా రా. చానా బాగా ఆడినావు."

"నాకేమో ఎవురో ఆడతాంటే నేను సూసినట్టుంది మామా. అయినా ఆడినా కదా. అది సాలు."

వాడు ఆడుతూనే ఉన్నాడు. జట్టు గెలుస్తూనే ఉంది. జనం మళ్ళీ టాసు కాగానే టీవీలు కట్టేయడం మొదలుపెట్టారు. ఊళ్ళో ఓబులేసును "మారెన్న గురువు" అనసాగారు. టీకొట్టు వాడు లేచి కుర్చీ వేసేవాడు. నలభై ఏడేళ్ళు ఎవడూ వేయని కుర్చీ.

మూడో ఏడు కుళ్ళాయప్ప వచ్చాడు. గుత్తి వాడు, ఇరవై ఏళ్ళు. వాడి ఆట చూసి ఓబులేసు రోలరు దిగి నిలబడ్డాడు. ఎవడి అచ్చూ పడని ఆట. ఒక రోజు కుళ్ళాయప్ప బంతి కాలిమడమ దగ్గరికి వచ్చేదాకా ఆగి మణికట్టు విదిలించాడు. బంతి ప్రాక్టీసు వల అడుగున నేలను నాకుతూ పోయింది. ఓబులేసు వంగి ఆ బంతిని చేతిలోకి తీసుకున్నాడు. చెరిగిపోయిందనుకున్నది ఎక్కడో మళ్ళీ మొలిచింది.

అతనికి దిగులు లేదు. ఈసారి నాలుగో స్థానంలో ఉన్నది విక్రాంత్ కాదు కదా, మనవాడు. నీళ్ళు మోసినవాడు. అడిగితే వాడు కాదంటాడా?

సెలెక్షన్ బోర్డు అధ్యక్షుడు ఆనవాయితీ ప్రకారం మారెన్నను మైదానానికి పంపాడు. మారెన్న వల వెనక నిలబడి కుళ్ళాయప్ప ఆట గంటసేపు చూశాడు. ఓబులేసుకు ఒక చప్పుడు వినబడింది. ఎలుక కొరికినట్టు. మారెన్న బొటనవేలి గోరు బ్యాటు పిడిని గీకుతోంది.

"ఏమిరా, ఎట్లుండాడు?"

"మంచి ఆటగాడే మామా," అన్నాడు మారెన్న, ఎటో చూస్తూ. "ఇంకో ఏడాది పండనీ."

ఓబులేసు అక్కడ నిలబడలేదు. నేరుగా పరిశోధనశాలకు పోయాడు.

"మీ జల్లెడ చిల్లిపడింది మేడమ్! పొట్టు దిగింది. ఆ విక్రాంత్ బుద్ధి మావానిలోకి దిగింది. ఇరవై ఏండ్ల కింద వాడు నా గురించి అన్న మాటే, అచ్చం అదే మాట, మారెన్న నోట్లో నుంచి వచ్చింది. వానికి ఆ సంగతే తెల్దు. నేనెప్పుడూ చెప్పలా."

నస్రీన్ వాదించలేదు. మారెన్నను పిలిపించి, మధ్యాహ్నమంతా వాడి మెదడు చదివింది. తెర మీద రెండు రంగులు. విక్రాంత్ నుంచి వచ్చినదంతా ఎరుపు, మారెన్న సొంతం నీలం. వాడి చేత ఆ మాట మళ్ళీ అనిపించింది.

"చూడండి. గోరు గీకడం ఎరుపు. అది చేతిదే, ముద్రతోనే వచ్చింది. ఆ మాట అన్నప్పుడు వెలిగినదంతా నీలం. ఒక్క ఎరుపు చుక్క లేదు."

"అంటే?"

"జల్లెడ బాగానే ఉంది ఓబులేసు గారూ. ఆ మాట విక్రాంత్‌ది కాదు. మారెన్నదే."

ఓబులేసు తెర వైపే చూస్తూ ఉండిపోయాడు. చిల్లి ఉండి ఉంటే బాగుండేది. పూడ్చుకునేవాళ్ళు.

మైదానానికి తిరిగొచ్చేసరికి కుళ్ళాయప్ప ఇంకా వలలోనే ఉన్నాడు. ఓబులేసు బంతి అందుకున్నాడో లేదో ఫోన్ మోగింది. అధ్యక్షుడు.

"మారెన్న ఇంకా వద్దంటున్నాడండి. కానీ ఆ కుర్రాడి శిక్షకుడు మీరు. మీ మాట ప్రకారమే చేస్తాం. పండాడు అంటే వచ్చే మ్యాచికే తీసుకుంటాం."

"తీసుకుంటే ఎవరిని తీసేస్తారు?"

"నాలుగో స్థానమే కదండీ. మారెన్నకు ముప్పై దాటాయి, మళ్ళీ నీళ్ళ జట్టులోకి తీసుకోలేం. మర్యాదగా శాలువా కప్పి పంపిద్దాం."

ఓబులేసు బంతిని అరచేతిలో తిప్పాడు. పండాడు అని ఒక్క మాట అంటే చాలు. ఇరవై ఏళ్ళుగా ఎవరైనా ఆ మాట అనాలని ఎదురు చూసినవాడు అతనే. కానీ మారెన్న ఇంటికి పోతే ఏ ఆటతో పోతాడు? వాడి సొంతది చెరిపించిందెవరు? అనుకున్నాడు. అది నిజమే. టీకొట్టు దగ్గర కుర్చీ గురించి కూడా అనుకున్నాడు. అదీ నిజమే. రెంటిలో ఏది ముందు తోచిందో తెర మీద చూపించమని అతను ఎవరినీ అడగదలుచుకోలేదు.

"మంచి ఆటగాడే సార్," అన్నాడు. "ఇంకో ఏడాది పండనీండి."

ఫోన్ జేబులో పెట్టుకుని తల ఎత్తాడు. వలకు తలుపులుండవు. కుళ్ళాయప్ప బ్యాటు నేలకు ఆనించి, కదలకుండా నిలబడి అతని వైపే చూస్తున్నాడు.

"ఎయ్యండి సార్," అన్నాడు కుర్రాడు.

ఓబులేసు బంతి వేశాడు. సందు దెబ్బకు తీరైన బంతి. కుళ్ళాయప్ప బ్యాటు కదపలేదు. బంతి వల కిందుగా దూరి, దొర్లుకుంటూ పోయి, రోలరు మీంచి జారి నేలను తాకుతున్న శాలువా అంచులో చిక్కుకుని ఆగింది.