మధ్య అరలో గ్లాసు

ఇంకాస్త సేపు ఉంచాలి, మరీ ఎక్కువ ఉంచితే పైన మంచు కడుతుంది, మంచు కడితే గుట్టు బయటపడుతుంది అనుకుంటూ ఆమె ఫ్రీజర్ తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. లోపల గాజు గ్లాసు, గ్లాసులో నీళ్ళు, నీళ్ళలో కూతురు పెట్టిన థర్మామీటర్. పై ఫ్రీజర్ ఇంకా గడ్డకట్టిస్తూనే ఉంది. కింది అరలకే చల్లదనం దిగడం లేదు. ఫ్రిజ్ ఒకసారి వణికి, గుర్రుమని, ఆగింది. ఈమధ్య అది ఆగినప్పుడల్లా ఆమె ఊపిరి కూడా ఆగుతోంది.

ఇది మోసం కాదు, అని చెప్పుకుంది. రోజూ చెప్పుకోవలసి వస్తోందంటే... ఆ ఆలోచనను అక్కడే తుంచేసింది.

ఫ్రిజ్ ఆమెది. తన ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వచ్చినప్పుడు సామానంతా ఎవరెవరికో ఇచ్చేసి, దీన్నొక్కదాన్నే తెచ్చుకుంది. "అత్తయ్యగారూ ఫ్రిజ్జూ ఒకే లారీలో దిగారు, ఇద్దరికీ గ్యారంటీ అయిపోయింది," అని అల్లుడు నవ్వించాడు. అందరికన్నా ఎక్కువ ఆమే నవ్వింది. కానీ ఆ మాట లోపలెక్కడో దిగబడిపోయింది. ఫ్రిజ్‌ని సాగనంపితే తరువాతి వంతు ఎవరిదో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మనవరాలికి వాంతులు మొదలయ్యాక కూతురు థర్మామీటర్ కొనుక్కొచ్చి, గ్లాసు నీళ్ళలో ముంచి ఫ్రిజ్ మధ్య అరలో పెట్టింది. నాలుగు డిగ్రీలు దాటకూడదంది. మర్నాడు పొద్దున్నే ఆమె తొంగిచూస్తే పదకొండు. ఆమె చెయ్యి ఆ గ్లాసును ఫ్రీజర్లోకి మార్చింది. ఆమె చూస్తూ నిలబడింది, అంతే.

పడకగదిలో అలారం మోగింది. గ్లాసు తీసి, అడుగున తడి తుడిచి, మధ్య అరలో పెట్టింది.

కూతురు జుట్టు ముడేసుకుంటూ వచ్చి, వంగి చూసింది.

"నాలుగే. మరి నిన్న మళ్ళీ ఎందుకు కక్కిందమ్మా?"

"పిల్లలన్నాక..."

"నీకన్నీ పిల్లలన్నాకే! దాని కళ్ళెలా లోపలికి పోయాయో చూశావా?"

అల్లుడు పళ్ళు తోముకుంటూనే గుమ్మంలోకి వచ్చాడు. "ఫ్రిజ్‌ది తప్పు కాదంటే పాలావిడదే. మాన్పించేశాంగా, చూద్దాం."

"ఏడ్చిందండీ ఆవిడ. ఇన్నేళ్ళలో ఒక్కరోజైనా మాటొచ్చిందా అంది."

"ఏడిస్తే? థర్మామీటర్ అబద్ధమాడుతుందా?"

ఆమె గోడవైపు తిరిగి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

మనవరాలు కాళ్ళీడ్చుకుంటూ వచ్చి బల్ల దగ్గర కూలబడింది. పెదవులు ఎండి తెల్లబడి ఉన్నాయి. "అమ్మమ్మా, చల్లటి పాలు."

"నేనిస్తానే చిట్టీ. ఇవి కొట్లో కొన్నవి, భయం లేదు," అంటూ కూతురు నిన్న తెరిచిన పాల డబ్బా తీసి కప్పులో పోసింది.

డబ్బా తీసిన చోట, పక్క గిన్నెలో వెన్న మెత్తబడి జారిపోయింది. ఆమె ఒక్కతే చూసింది. కప్పు బయట చెమ్మ పట్టలేదు. పిల్ల రెండు చేతులా కప్పెత్తింది.

నోరు మూసుకుంటే ఇదీ గడిచిపోతుంది. గడవకపోతే?

ఆమె చెయ్యి ముందుకు వెళ్ళింది. ఈసారి దాన్ని పంపింది తనే. కప్పు లాక్కుని పాలు సింకులో పారబోసింది.

"అమ్మా! ఏంటిది?"

"ఫ్రిజ్ చల్లబడట్లేదే. పొద్దున్నే నేనే గ్లాసుని ఫ్రీజర్లో పెట్టి తీస్తున్నా."

కూతురి ముఖం పాలిపోయింది. "రోజూనా? అది కక్కుకుంటుంటే బకెట్ పట్టింది నువ్వే కదమ్మా!"

"నేనే."

"ఎందుకు?"

"అది పోతే... నాదంటూ ఇంకేముందే ఈ ఇంట్లో? నన్ను కూడా..."

అల్లుడు నోట్లో నురుగు మింగలేక, ఉమ్మలేక తలదించుకున్నాడు. కూతురు పిల్లని ఒళ్ళోకి లాక్కుని దాని జుట్టులో ముఖం దాచుకుంది. వీపు కదులుతోంది.

"ఇవాళ నీతో మాట్లాడలేనమ్మా," అంది తలెత్తకుండానే. "కానీ నువ్వెక్కడికీ పోవట్లేదు. విన్నావా? పోతే ఊరుకోను."

"పాలావిడ దగ్గరికి నేనే వెళ్తాను," అంది ఆమె.

ఫ్రిజ్ మళ్ళీ వణికి, గుర్రుమంది. ఆమె గోడకూ దానికీ మధ్య చెయ్యి దూర్చి, దుమ్ములో తడుముకుని, ప్లగ్ పీకేసింది.