ఓడ ఇంజనీరు మీద పాత బోల్టు అభిప్రాయం

ఆదివారం పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, లేత్ మేస్త్రి ఫోన్లో తన అభిప్రాయం టైపు చేస్తున్నాడు. ఒక్క వేలితో. వర్క్‌షాపులో రిటైరై ఆరేళ్ళయినా ఆ వేలికి ఇనుము మీదున్న కసి తీరలేదు. దెబ్బకి రెండేసి అక్షరాలు పడుతున్నాయి.

సినిమా అయినా, టీవీలో వచ్చే రోదసి కథలైనా ఆయన ఊరికే చూసి ఊరుకునే రకం కాదు. అభిమానుల పేజీలో ఆయన పేరు "పాత బోల్టు". ఓ సినిమాలో రాకెట్టు తలుపుకి గొళ్ళెం బయటివైపు ఉందని రాస్తే, ఆ తీసినాయన మూడు రోజులు భోజనం మానేశాడని ఇంట్లో చెప్పుకున్నాడు. ఎవరు చూశారని అడిగితే, "అన్నీ చూడాలేంటి, ఆ మాత్రం ఊహించుకోలేమా" అన్నాడు. ఆయన కోతల సంగతి ఎలా ఉన్నా, పాత బోల్టు రాత కోసం నాలుగు వేలమంది కాచుకుని కూర్చుంటారన్నది మాత్రం నిజం.

ఇప్పుడు ఆయన నోట నలుగుతున్నది శనివారం సాయంత్రాల సీరియల్. దారి తప్పిన ఆకాశ ఓడ, అందులో పదిమంది మనుషులు, ఆ ఓడని బాగుచేసే ఓ ముసలి ఇంజనీరు. ఏదో దేశపు సీరియల్, మన మాటల్లోకి మార్చి వేస్తున్నారు. మేస్త్రికి ఓడ నచ్చింది, నక్షత్రాలు నచ్చాయి, ఆఖరికి చెడ్డవాళ్ళు కూడా నచ్చారు. ఆ ఇంజనీరు ఒక్కడంటే ఒళ్ళు మంట. ఎవరినీ మాట పూర్తి చెయ్యనివ్వడు, తనకి తెలియనిది లేదంటాడు, ఇలాంటి మనిషి భూమ్మీదే ఉండడు, ఆకాశంలోకి ఎక్కణ్ణుంచి వచ్చాడు అని వారం వారం దులిపేస్తున్నాడు. పైగా ఆ ఇంజనీరు నోరు విప్పితే చాలు, తన ఇంటావిడ దిండులో మొహం దాచుకుని నవ్వుతోందని, రాత అంత ఘోరంగా ఉందని కూడా రాశాడు.

నిన్నటి ఎపిసోడ్ ఆయన్ని మరీ రెచ్చగొట్టింది. పని నేర్చుకునే ఓ పిల్ల పగిలిన గొట్టాన్ని పదకొండు గంటలు చేతుల్తో అదిమి పట్టుకుని ఓడని కాపాడింది. ఇంజనీరు వచ్చి చూసి, "పర్లేదు. స్పానర్ ఎక్కడ పెట్టావ్?" అని వెళ్ళిపోయాడు.

రాసింది పంపేసి, మేస్త్రి పైకి చదివి వినిపించాడు.

"వీడిది గుండె కాదు, బండరాయి. నా కింద అలాంటి పిల్ల పనిచేసి ఉంటే నెత్తిన పెట్టుకునేవాణ్ణి. ఈ మాటలు రాస్తున్నవాళ్ళని తక్షణం మార్చాలి."

ఇంటావిడ గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. బట్టలు మడతపెడుతున్న కోడలు తలెత్తలేదు. ఆవిడది కూడా పరాయి సీరియళ్ళని మన మాటల్లోకి మార్చే పనే. స్టూడియోలో కూర్చుని, తెరమీది మనిషి నోరు తెరిచినంతసేపూ మాట ఉండేలా, మూసేలోగా అయిపోయేలా కొలిచి రాస్తుంది. ఏ కార్యక్రమానికి రాస్తోందో బయట చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు. పిల్లల బొమ్మల సీరియల్ అయి ఉంటుందని మేస్త్రి తనకు తానే తేల్చేసుకుని, "నీ కుందేళ్ళు ఎలా ఉన్నాయమ్మా" అని ఆట పట్టిస్తూంటాడు.

ఓ గంట తర్వాత కోడలికి ఫోనొచ్చింది. బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడి, లోపలికొచ్చి మామగారికి ఎదురుగా కూర్చుంది.

"మీ కోరిక తీరింది మావయ్యా. నన్ను మార్చేస్తున్నారు."

"నిన్నెందుకమ్మా? కుందేళ్ళ మీద నేనేం అనలేదే."

"కుందేళ్ళు లేవు. ఆ ఓడ నాదే. పాత బోల్టు నాలుగు వారాలుగా తిడుతున్నాడు, జనం అదే పాట పాడుతున్నారు, మిగతా ఎపిసోడ్లు వేరేవాళ్ళకి ఇస్తామన్నారు. పాత బోల్టు మా ఇంట్లోనే ఉంటాడని వాళ్ళకి చెప్పలేదు."

మేస్త్రి మొహంలో నెత్తుటిచుక్క లేదు. అయినా అభిమాని అభిమానే కదా, అంత తేలిగ్గా దిగిరాలేదు. ఉద్యోగం సంగతి బాధగానే ఉందన్నాడు. రాత సంగతి వేరన్నాడు.

"నువ్వింత నెమ్మదైనదానివి, అంత కంపరపు మాటలు ఎక్కడ నేర్చావమ్మా? ఏ మనిషైనా అలా మాట్లాడతాడా?"

కోడలు అత్తగారి వైపు చూసింది. వంటింటి గుమ్మంలోంచి అత్తగారు, చెప్పెయ్యమంది.

"నిన్నటి సీనులో ఇంజనీరుకి మాస్కుంది, నోరు కనిపించదు. అసలు భాషలో అతను ఆ పిల్లని చాలాసేపు మెచ్చుకుంటాడు. ఇతని తీరుకి ఇదే సరిపోతుందని స్టూడియోలో ఒప్పించి ఆ మెప్పు నేనే తీసేశాను."

"ఎందుకూ?"

"అదెలా ఉంటుందో నాకు తెలీదు కనక. పోయినేడు అత్తయ్య ఆస్పత్రిలో ఉంటే పదకొండు రాత్రులు నేను పక్కన కూర్చున్నాను. ఇంటికి తెచ్చిన రోజు మీరేమన్నారో గుర్తుందా?"

ఆయనకి గుర్తులేదు. ఇంటావిడకి ఉంది.

"'పర్లేదు. ఫ్లాస్కు ఎక్కడ పెట్టావ్?' అన్నారు."

"మరి... నీకు నవ్వెలా వచ్చిందే?" అన్నాడాయన, భార్యవైపు చూడకుండా.

"నలభై ఏళ్ళు ఏడుస్తూ కూర్చోలేం కదండీ."

ఆ మధ్యాహ్నం మేస్త్రి తలుపు వేసుకుని మొదటి ఎపిసోడ్ నుంచీ మళ్ళీ చూశాడు. గొంతు ఎవరో నటుడిది. మాట మాత్రం తనదే. "నీకు తెలీదు, పక్కకి జరుగు" - తను కొడుకుతో అనేది. "అడిగినప్పుడు చెబుదువుగానిలే" - ఇంటావిడతో అనేది. ప్రతిచోటా ఆపి, మళ్ళీ విని, ముందుకెళ్ళాడు. సాయంత్రానికి బయటికొచ్చి, ఒక్క వేలితో, ఈసారి అక్షరానికో నిమిషం చొప్పున కొత్తది రాశాడు. కోడలి ఊసు ఎక్కడా రానివ్వలేదు.

"నా అభిప్రాయం సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ముసలాడు మంచివాడు కాడు, ఆ మాట మీదే ఉన్నాను. అలాంటి మనిషి ఉండడన్నది మాత్రం అబద్ధం. ఉన్నాడు. రోజూ అతనికి గడ్డం గీసేది నేనే. రాసినవాళ్ళది మామూలు చెవి కాదు. వాళ్ళని మారిస్తే నేను చూడను."

తెల్లారేసరికి దాని కింద జనం పుట్టలు పుట్టలుగా రాశారు. మా నాన్న, మా మావగారు, మా హెడ్మాస్టరు అని ఎవరి ఇంజనీరుని వాళ్ళు బయటపెట్టుకున్నారు. ఒకమ్మాయి మాత్రం, మా నాన్నకి చూపించాను, ఆయన టీవీ కట్టేసి వెళ్ళిపోయాడని రాసింది. మేస్త్రి దాన్ని రెండుసార్లు చదివాడు.

స్టూడియోవాళ్ళు ఫోన్ చేసి, మిగతా ఎపిసోడ్లు కూడా కోడలినే రాయమన్నారు.

మంగళవారం కోడలు ఇంట్లోనే కూర్చుని రాస్తూంటే, మేస్త్రి కుర్చీ లాక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు. చూడొచ్చా అని అడిగాడు. తెరమీద ఓ మనిషి పెదాలు కదిపాడు. కోడలు ఓ మాట పెట్టి చూసింది, పొడుగైంది, తీసేసింది. ఇంకోటి పెట్టింది, పొట్టిదైంది. ఆరో మాట సరిగ్గా పెదాల మీద కూర్చుంది. గంటన్నరలో రెండు నిమిషాల సీను అయింది. అంతసేపూ ఆయన ఒక్క సలహా ఇవ్వలేదు. నోటిదాకా వచ్చినవి నాలుగైదు ఉన్నాయి, మింగేశాడు.

లేచి కుర్చీ యథాస్థానంలో పెట్టి, గుమ్మం దగ్గర ఆగాడు.

"ఇది నాకు చేతకాదమ్మా" అన్నాడు.

గడియారం ఇరుసు నుంచి రైలు చక్రం దాకా ఏదైనా చేసిపడేస్తానని చెప్పుకునే మనిషి. ఆ మాట ఆయన నోట ఇంతకుముందు ఎవరూ వినలేదు. కోడలు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.