అరవై మూడో ఎపిసోడ్

పాలకొల్లులో కాలవగట్టు రోడ్డు మీద చంద్రరావు గారి మేడ ఒకటుంది. కింద కొబ్బరికాయల గోడౌను, పైన రెండు గదులు. శనివారం రాత్రి పదకొండున్నర దాటితే ఆ మేడ ముందు నుంచి ఎవరూ వెళ్లరు. సెకండ్ షో వదిలాక జనం అర కిలోమీటరు చుట్టు తిరిగైనా మార్కెట్ వీధిలోంచే ఇళ్లకి చేరతారు.

ఎందుకంటే... ఆ పైనుంచి ఒక ఆడపిల్ల గొంతు వినిపిస్తుంది.

"ఇంకా నిద్రపట్టలేదాండీ..?"

ఆ వెంటనే నలభై మంది ఒక్కసారిగా నవ్వుతారు. చప్పట్లు కొడతారు. మెట్లెక్కి చూస్తే — తలుపుకి బయట తాళం.

ఆ గొంతు మీనాకుమారిదని ఊరందరికీ తెలుసు. తొంభై ఎనిమిది సెప్టెంబరు నుంచి మా లోకల్ కేబుల్ ఛానల్లో ప్రతి శనివారం రాత్రి 'నిద్రపట్టని బ్యాచ్' అని ఒక ప్రోగ్రాం వచ్చేది. తీసింది ఆ పైగదుల్లోనే, నలభై మందిని ఎదురుగా కూర్చోబెట్టుకుని. మీనాకుమారి డిగ్రీ రెండో సంవత్సరం. మైకు పట్టుకుని ఊరి పెద్దలందర్నీ, పేర్లు చెప్పకుండా, అచ్చు దింపేసేది. కుర్రాళ్లు అమ్మాయిలకి, అమ్మాయిలు కుర్రాళ్లకి మారుపేర్లతో పాటలు డెడికేట్ చేసుకునేవాళ్లు. అలా డెడికేట్ చేసుకున్నవాళ్లలో, నేను లెక్కేసినంతవరకూ, ఏడు జంటలు పెళ్లి చేసుకున్నాయి. ఊళ్లో గొడవ కూడా అందుకే. పెళ్లికాని పిల్ల అర్ధరాత్రి టీవీలో పకపకా నవ్వడమేంటన్నారు. సంతకాలు సేకరించారు. చివరికి చంద్రరావు గారి తల్లి బుల్లెమ్మ గారు, డెబ్బై ఏళ్ల మనిషి, స్టూడియో మెట్ల మీద అడ్డంగా కూర్చున్నారు.

"ఇది ఆపితే గానీ నేను లేవను."

అరవై రెండో ఎపిసోడ్‌తో ప్రోగ్రాం ఆగిపోయింది. వారం తిరక్కుండా మీనాకుమారి కనపడలేదు. కాలవలో దూకేసిందన్నారు. ఆ తర్వాత నెలకే... ఆ గొంతు.

ఆ రెండిట్లో ముందు గది అద్దెకి తీసుకున్న టైలరు తొమ్మిది రోజులున్నాడు. ట్యుటోరియల్ మాస్టారు నాలుగు రోజులు. హోమియో డాక్టరు గారు శనివారం నాడు దిగారు కాబట్టి ఒక్క రాత్రే.

రెండు వేల మూడులో నేను, నా స్నేహితుడు దుర్గాసాయి కలిసి ఇంటర్నెట్ సెంటర్ పెట్టాలనుకున్నప్పుడు ఊళ్లో ఖాళీగా ఉన్నది ఆ గది ఒక్కటే. మూడు సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు మా వంటింట్లో బియ్యం డబ్బాల పక్కన కూర్చున్నాయి. శ్రావణ శుక్రవారం లోపు తెరవకపోతే దుర్గాసాయి తునిలో వాళ్ల మావయ్య ఎరువుల కొట్లో కూర్చోవాలి. వాళ్ల నాన్నగారు బస్సు టిక్కెట్టు కూడా తీసి పెట్టారు.

చంద్రరావు గారు ఒకటే షరతు పెట్టారు.

"నాలుగోవాడు కూడా పారిపోయాడంటే నా మేడ పరువు పోద్ది. ముందు ఒక శనివారం రాత్రి పడుకుని చూడండి. పొద్దున్న మనిషి మనిషిగా ఉంటే తాళం మీదే."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు దుర్గాసాయి. "వెనక గదిలో ఏముందండి?"

"మా అమ్మ పాత సామాను. అటు మా ఇంటి డాబా మీద నుంచి తలుపు. దాని జోలికి వెళ్లకండి."

నాకు లెక్కలు చూడ్డం అలవాటు. చుట్టుపక్కల పదిమందిని అడిగి ఒక విషయం పట్టాను. కరెంటు పోయిన శనివారాల్లో ఆ గొంతు రాలేదు.

"దెయ్యానికి కూడా కరెంటు కోత ఉంటుందేంట్రా?" అన్నాను.

"నువ్వు రా, ఇద్దరం చూద్దాం," అన్నాడు.

నాకు ఆ రోజు జ్వరం. నిజంగానే జ్వరం.

ఇక్కడి నుంచి వాడు చెప్పింది.

పది గంటలకి చాప వేసుకుని పడుకున్నాడు. కింద గోడౌన్‌లోంచి ఎండుకొబ్బరి వాసన. కాలవ అవతల కుక్క ఒకటి మొరిగి ఊరుకుంది. పదకొండు. పదకొండూ పావు. దోమలు కూడా ఎటో పోయాయి...

పదకొండున్నరకి — తలుపు చప్పుడు. బయట తలుపు కాదు. మధ్య తలుపు అవతల.

అడుగులు. మెల్లగా... ఈడ్చుకుంటూ...

ఆగాయి.

తలుపు కింద నుంచి నీలం వెలుగు చాప దాకా పాకింది.

"ఇంకా నిద్రపట్టలేదాండీ..?"

నలభై మంది నవ్వారు.

దుర్గాసాయి లేచి బయట తలుపు దాకా పరుగెత్తాడు. గడియ మీద చెయ్యి వేశాడు. అప్పుడు గుర్తొచ్చింది — తుని, ఎరువుల కొట్టు, యూరియా బస్తాలు, పక్కన మావయ్య. ఒకవైపు దెయ్యం, ఒకవైపు మావయ్య. గడియ వదిలేసి వెనక్కి తిరిగాడు. జీవితంలో వాడు చేసిన ధైర్యమంతా అదే.

మధ్య తలుపు గడియ పెట్టి లేదు. వేలితో తోసి లోపలికి అడుగుపెట్టాడు.

చీకట్లో... నడుం ఎత్తున ఒక ఆకారం. తెల్లబట్ట కప్పుకుని ఉంది. తల లేదు. కాళ్లు లేవు. లోపల్నుంచి నీలంగా వెలుగుతోంది... వెలుగుతూ మాట్లాడుతోంది.

"ఈ వారం పాట... 'సైకిల్ చైను' గారి నుంచి 'నీలం రిబ్బను' గారికి..."

దుర్గాసాయి నోరు తెరిచాడు. కేక రాలేదు. అప్పుడు వెనక నుంచి భుజమ్మీద ఒక చల్లటి చెయ్యి పడింది.

"ఎవర్రా నువ్వు?"

ఈసారి కేక వచ్చింది.

"అరవకు! మా చంద్రం లేస్తాడు!"

బుల్లెమ్మ గారు. డాబా తలుపులోంచి వచ్చారు, చేతిలో మజ్జిగ గ్లాసు. ఆవిడ గబగబా వెళ్లి ఆ ఆకారం పక్కన మీట తిప్పారు. నవ్వులు తగ్గాయి. అది టీవీ. మీద తెల్ల దుప్పటి. పక్కన వీసీఆర్, ట్రంకు పెట్టె నిండా క్యాసెట్లు.

"మామ్మగారూ... మీరా? ఆ ప్రోగ్రాం ఆపించింది మీరే కదండీ?"

ఆవిడ పీట మీద కూలబడ్డారు. మజ్జిగ గ్లాసు కింద పెట్టారు.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి."

వేశాడు.

"ఆ ఏడు దసరాకి కాశీ వెళ్లాం, మా వీధి ఆడవాళ్లం పదకొండుమంది. అక్కడ ఇష్టమైంది ఒకటి వదిలెయ్యాలి కదా. పాపాయమ్మ కాకరకాయ వదిలింది. జన్మలో ఎప్పుడైనా తిన్నదా కాకరకాయ? అందరూ అలాగే, తిననివే వదిలారు. నాకు మనసొప్పలేదురా. గంగలో నిలబడి నిజంగా ఇష్టమైందేంటా అని ఆలోచించాను..."

"ఏంటండీ?"

"శనివారం రాత్రి ఈ పిల్ల." ఆవిడ దుప్పటి వైపు చెయ్యి చూపించారు. "ఇక చూడనని మునిగేశాను. లేచాక తెలిసింది ఎంత పని చేశానో."

ఇంటికొస్తే శనివారం రాత్రి కుడివైపు ఇంట్లో నవ్వులు. ఎడమవైపు నవ్వులు. సొంత మనవలు ముందు గదిలో పొర్లి పొర్లి నవ్వడం. ఈవిడ వంటింట్లో చెవుల్లో దూది పెట్టుకుని కూర్చోవడం. నాలుగు వారాలు ఓర్చుకున్నారు.

"నేను చూడలేనప్పుడు ఊరంతా చూడ్డమేంటి! వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను."

ప్రోగ్రాం ఆగాక స్టూడియోవాళ్లు క్యాసెట్లు, టీవీ, వీసీఆర్ అన్నీ ఇక్కడే పడేసి పోయారు. బుల్లెమ్మ గారు నెల్లాళ్లు ఆగి, దుప్పటి తెచ్చారు.

"చూడనన్నాను గానీ విననన్నానా? కాస్త చెవుడు కదా, సౌండు పెంచుకుంటాను. దెయ్యమన్నారు. మంచిదే, ఎవరూ రారనుకున్నాను."

"మరి మీనాకుమారి కాలవలో..."

"దాని మొహం! తణుకులో ఉంది, ఇద్దరు పిల్లలు. వాళ్ల నాన్న రాత్రికి రాత్రి అక్కడ సంబంధం చేసేశాడు." ఆవిడ గొంతు తగ్గింది. "నా వల్లేరా. దాని మొహం ఎలా ఉండేదో కూడా మర్చిపోతున్నాను."

"దుప్పటి తీసి ఒక్కసారి చూడండి మామ్మగారూ. కాశీ నుంచి ఎవరొచ్చి అడుగుతారు?"

"నోర్ముయ్."

పొద్దున్న చంద్రరావు గారు ఇద్దరు మనుషుల్ని, ఒక రిక్షాని తీసుకొచ్చారు, దుర్గాసాయిని ఆస్పత్రికి మోయడానికి. వాడు మెట్ల మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు.

ఎవరికీ చెప్పనని ఒట్టేసినవాడు పావుగంటలో నాకు చెప్పాడు. పార్టనరుకి చెప్తే చెప్పినట్టు కాదట. నేను లెక్కేశాను — అప్పటికి నూట తొంభై పై శనివారాలు. కరెంటు కోతలు తీసేసినా ఆవిడ అరవై రెండు క్యాసెట్లూ మూడుసార్లు విన్నట్టు, నాలుగోసారి మొదలుపెట్టినట్టు.

శుక్రవారం సెంటర్ తెరిచాం. మర్నాడు శనివారం. దుర్గాసాయికి ఏమీ కాలేదన్న ధైర్యంతో రాత్రి పదకొండు దాటినా అయిదుగురు కుర్రాళ్లు కూర్చున్నారు. మేం ఇద్దరం. పదకొండూ ఇరవై అయిదుకి కరెంటు పోయింది.

"హమ్మయ్య," అన్నాను. "ఈ రాత్రికి దెయ్యం లేనట్టే."

చీకటి. అగ్గిపెట్టె కోసం వెతుకుతున్నాం. మధ్య తలుపు కిర్రుమంది...

"ఇంకా నిద్రపట్టలేదాండీ..?"

అదే ఆడపిల్ల గొంతు. టీవీ లేదు, వీసీఆర్ లేదు, కరెంటు లేదు... ముగ్గురు కుర్రాళ్లు బల్లల కింద దూరారు. దుర్గాసాయి నన్ను పట్టుకున్నాడో, నేను వాణ్ని పట్టుకున్నానో తెలీదు.

టార్చి వెలిగింది. గుమ్మంలో బుల్లెమ్మ గారు, మజ్జిగ కవ్వం మైకులా పట్టుకుని.

"ఈ వారం మన ఊరి పెద్దమనిషి ఒకాయన..." అంటూ గొంతు మార్చారు. అచ్చు చంద్రరావు గారే. "నా మేడ పరువు పోద్ది!"

బల్లల కింద నుంచి నవ్వు మొదలైంది. తర్వాత ఆవిడ గొంతులోకి పాపాయమ్మ గారు వచ్చారు, కాకరకాయతో సహా. ముప్పావుగంట. చివర్లో అందరం చప్పట్లు కొట్టాం, ఏడుగురం. రోడ్డు మీద ఎవరో సైకిల్ అక్కడే పడేసి పరుగెత్తిన చప్పుడు వినిపించింది.

"మామ్మగారూ," అన్నాడు దుర్గాసాయి కళ్లు తుడుచుకుంటూ, "మరి కాశీలో వదిలేశారు కదండీ?"

బుల్లెమ్మ గారు కవ్వం దించారు.

"చూడనన్నాను గానీ, చెయ్యనన్నానా?"