ఒక తీగ, నలభై తీగలు

ధాత్రి ఎర్ర పెన్ను తీసి, పట్టికలో "సమానం" అన్న మాటను మూడుచోట్లా కొట్టేసింది. ఎదురు కుర్చీలో కూర్చున్న కేదార్ ముఖం మాడిపోయింది.

అది పంజాగుట్టలో భవనాలకు కరెంటు డిజైన్లు గీసే ఆఫీసు. ఏ భవనానికి ఏ కేబుల్ వాడాలో తేల్చి సంతకం పెట్టే ఇంజినీరు ధాత్రి. కేదార్ అమీర్‌పేటలో గులాం మొహియుద్దీన్ గారి కేబుల్ షాపులో పనిచేస్తాడు. ఆ దగ్గర్లోనే కడుతున్న ఐదంతస్తుల లేడీస్ హాస్టల్‌కి తమ కేబుల్ ఒప్పుకోమని వచ్చాడు. మంటను తట్టుకునే రేటింగులు మన దేశంలో ఎలా ఇస్తారు, అంతర్జాతీయంగా ఎలా ఇస్తారు, అమెరికాలో ఎలా ఇస్తారు అని పక్కపక్కన పెట్టి పట్టిక వేసుకొచ్చాడు.

"అమెరికా రేటింగ్ ఉన్న వైరు మేడమ్. గది మనదానికంటె తక్కువెట్లయితది?"

తక్కువ ఎక్కువల సంగతి కాదంది ధాత్రి. ఆ అమెరికా పరీక్షలో ఒక్క తీగను నిలువుగా కట్టి కింద మంట పెడతారు. మంట పైకి పాకకుండా ఆరిపోతే పాస్. పొగ ఎంత వచ్చిందో అక్కడ కొలవరు. మన దగ్గర కాలినా పొగ తక్కువగా వచ్చే ఎఫ్ఆర్ఎల్ఎస్‌హెచ్ రకానికి పొగనూ, గొంతు మండించే వాయువునూ కూడా కొలుస్తారు. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఇంకో పరీక్ష ఉంది. తీగలన్నీ నిచ్చెనకు కట్టగా కట్టి కాల్చి చూస్తారు. విడిగా ఆరిపోయిన తీగే, కట్టలో ఉంటే పక్కదాని వేడికి అంటుకుని పైదాకా కాలొచ్చు.

"హాస్టల్లో మెట్ల పక్కనే షాఫ్ట్ ఉందండీ. నలభై కేబుళ్లు ఒకే దారిలో పైకెళ్తాయి. ఏదైనా జరిగితే పిల్లలు దిగాల్సింది ఆ మెట్ల మీంచే."

కేదార్ కాగితం మడిచి లేచాడు. తలుపు దగ్గర ఆగి, మెల్లగా చెప్పినా అర్థమయ్యేదని అన్నాడు. తన గొంతే అంతని చెప్పింది ధాత్రి.

నాలుగు రోజుల తర్వాత కొత్త పట్టికతో వచ్చాడు. ప్రతి పరీక్షలో ఏం చూస్తారో, ఏం చూడరో వరసగా రాశాడు. తమ కేబుల్ ఎదురుగా రెండు గడుల్లో "పరీక్ష చేయలేదు" అని ఉంది. సొంత సరుకు మీద అలాంటి మాట రాసుకొచ్చిన సేల్స్ మనిషిని ధాత్రి అంతవరకు చూడలేదు. ఆ తర్వాత అతను అనుమానాలు పట్టుకుని తరచూ రావడం మొదలుపెట్టాడు. అన్నీ అనుమానాలు కావని ఆమెకు తెలుసు. తెలిసినా ఓపిగ్గా సమాధానం చెప్పేది.

ఒక వానపూట హాస్టల్ యజమాని హనుమత్ప్రసాద్ గారు ఫోన్ చేశారు. రెండో అంతస్తు దాకా కేబుల్ లాగేశారట, ఇంక సంతకం సంగతేంటని అడిగారు. ఏ కేబులని ధాత్రి అడిగితే, ఆమె వద్దన్నదాని పేరే చెప్పారు. వచ్చింది కేదార్ షాపు నుంచే.

ఆమెకు కోపం కంటే ముందు బాధ కలిగింది. మెట్రోలో ఒక్క స్టేషనే. అమీర్‌పేటలో దిగి తడుస్తూనే సైటుకు వెళ్లింది.

షాఫ్ట్ దగ్గర కేదార్ చొక్కా చేతులు మడుచుకుని, ఇద్దరు ఎలక్ట్రీషియన్లతో కలిసి లాగిన కేబుల్‌నంతా కిందికి దించుతున్నాడు. షాపువాళ్లు తొందరపడి పంపారని తనకు పొద్దున్నే తెలిసిందన్నాడు. సేటుతో మాట్లాడి, సరుకు వాపసు తీసుకుపోవడానికి వచ్చాడు. పని ఆలస్యమవుతుందని అక్కడే ఉన్న హనుమత్ప్రసాద్ గారు గట్టిగానే మందలించారు. కేదార్ ఆయన్ని షాఫ్ట్ దగ్గరికి తీసుకెళ్లాడు.

"గీడ ఒక్కటే వైరుంటె నేను సుత ఊకుందును సార్. నలభై ఉంటయి."

ఆయన తల పైకెత్తి ఆ చీకటి దారినీ, పక్కనున్న మెట్లనూ కాసేపు చూశారు. తర్వాత ఎన్ని రోజులు పడుతుందని మాత్రమే అడిగారు.

పదిరోజుల్లో సరైన కేబుల్, దాని పరీక్షల కాగితాలు వచ్చాయి. ధాత్రి సంతకం పెట్టింది. ఆ కాగితాలు తెచ్చింది మాత్రం కేదార్ కాదు, అదే షాపులో పనిచేసే ముషర్రఫ్. తర్వాత మూడు వారాలూ అతనే వచ్చాడు. కేదార్ ఉద్యోగం పోయిందేమోనని ఆమెకు దిగులు పట్టుకుంది. చివరికి అడిగేసింది.

"కేదార్ భాయ్ మంచిగనే ఉన్నడు మేడమ్. మీ ఆఫీసు పని నాకిప్పించిండు. ఎందుకంటె చెప్తలేడు."

అది ఇంకా కష్టంగా అనిపించింది. మధ్యాహ్నం భోజనం మానేసి నేరుగా షాపుకు వెళ్లింది. కేదార్ బయటికొచ్చాడు. ఇద్దరూ రేకుల చూరు కింద నిలబడ్డారు. వాన బాగా పడుతోంది.

"నా ముఖం చూడ్డం ఇష్టం లేకపోతే నాతోనే చెప్పొచ్చుగా?"

"మీరు సంతకం పెట్టేటోళ్లు. నేను అమ్మేటోణ్ని. నడిమిట్ల ఫైలు పెట్టుకొని మీరంటె ఇష్టమని ఎట్ల చెప్పాలె? మీరు నా సరుకు ఒప్పుకుంటె మంది ఒక తీరుగ అనుకుంటరు. వద్దంటె నాకే ఒక తీరుగైతది. గందుకే ముందుగాల ఫైలిచ్చేసిన."

"ఇచ్చి మూడు వారాలైంది," అంది ధాత్రి.

"ధైర్యం జమ చేసుకుంటున్న."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. చూరు నుంచి కారుతున్న నీళ్లలో చేయి పెట్టి, రోడ్డు వైపు చూస్తూ చెప్పింది.

"ఆదివారం మా అమ్మ ఇంట్లోనే ఉంటుంది. పదకొండింటికి రా."

కేదార్ ఆమె వైపు తిరిగాడు. "రా అన్నరా, రండన్నరా?"

"రా అన్నాను. నువ్వూ ఈ మీరు, మేడమ్ మానెయ్," అంది ధాత్రి.