ఒక్క బ్యాటరీ చాలన్నాను

మా బోటు చిన్నది. పన్నెండడుగుల ఫైబర్ బోటు. మధ్యలో వల, ముందు చేపల బుట్ట పెట్టుకుంటే కాలు చాపుకునే చోటు కూడా మిగలదు. వెనకాల మోటారు దగ్గర నేను కూర్చుంటాను. ముందు నా భార్య రామక్క. మా చేను రిజర్వాయరు నీళ్లకింద పోయిన తర్వాత సేద్యం వదిలి వల పట్టుకున్నాం. ఆరేళ్లయింది.

మొదట్లో తెడ్లు వేసేవాళ్లం. రామక్క భుజం పట్టేశాక వెనక చెక్కకు తగిలించే బ్యాటరీ మోటారు తెచ్చాను. ట్రాక్టరుకు వేసేటంత బ్యాటరీ నా కాళ్ల మధ్య ఉంటుంది. కర్రకు కట్టిన లైటు కూడా దాని మీదే వెలుగుతుంది. తగువు వచ్చింది అక్కడే.

బ్యాటరీల అంగడి సందీప్ ఒకరోజు మా బోటు చూసి తల అడ్డంగా ఊపాడు.

"పెద్దాయనా, మోటారుకొకటి, లైటుకొకటి పెట్టుకో. మోటారు ఉండేదంతా తాగేసిందంటే లైటు గూడా పోతాది. నడి నీళ్లలో గుడ్డోని మాదిరి కూర్చుంటావు."

"తెడ్డు లేదా?"

"తెడ్డుకు కండ్లుంటాయా?"

రామక్క నవ్వింది. నాకు ఆ నవ్వు నచ్చలేదు.

నా లెక్క నాకుంది. ఇంకో బ్యాటరీ అంటే ఇరవై అయిదు కిలోలు. ఆ బరువుకు బోటు నాలుగు వేళ్లు దిగుతుంది. గాలి లేస్తే అల లోపలికి వస్తుంది. అదొకటి. ఒక బ్యాటరీ ఉన్నవాడు సగం అయిపోగానే భయపడి వెనక్కి తిరుగుతాడు. రెండు ఉన్నవాడు రెండింతల దూరం పోతాడు, తిరగడం మరిచిపోతాడు. ఈ మాట తప్పని నేను ఇప్పటికీ అనుకోను.

"వలేసేది నువ్వు. మునిగేది మాత్రం ఇద్దరమూ," అంది రామక్క.

"మునగము. ఒకదాంతోనే ఎంత దూరం పోయి వచ్చేదీ నీకు చూపిస్తా. చూసినాక మాట్లాడు."

అదీ నేను చేసిన తప్పు. సగానికి తిరగాలనే నా నియమాన్ని, నేనే గెలవడం కోసం, ఆ సాయంత్రం పక్కన పెట్టాను.

అయిదున్నరకు బయలుదేరాం. ఎండ చల్లారింది. గట్టు మీద గొర్రెల మంద ఇంటిదారి పట్టింది. ఎప్పుడూ వలేసే రాతిగుండ్ల దగ్గర ఆగకుండా నేరుగా పోనిచ్చాను. కొంతసేపటికి రామక్క వెనక్కి తిరిగింది.

"యాడికి పోతాండావు?"

"ముందుకు."

"ముందు ఏముండాదో తెలుసు కదా?"

తెలుసు. ముందు మా చేనుంది, నలభై అడుగుల నీళ్లకింద. ఆరేళ్లలో ఒక్కసారి కూడా దాని మీదికి వలేయలేదు. అక్కడ చేపలు లేక కాదు.

"ఆడికొద్దు," అంది మెల్లగా.

నేను మోటారు ఆపలేదు.

వలేసి గంటసేపు కూర్చున్నాం. చీకటి పడింది. లైటు వేసి వల లాగడం మొదలుపెట్టాను. సగం వచ్చింది. మిగతాది దేనికో తగులుకుంది. మునిగిన తుమ్మచెట్టు ఏదో ఉంటుందనుకుని, వల తాడు బోటుకు కట్టి మోటారు గట్టిగా తిప్పాను. రాలేదు. అటు తిప్పి లాగాను, ఇటు తిప్పి లాగాను. "కోసెయ్యి" అంది రామక్క. కొత్త వల, కోయనన్నాను. అలా ఇరవై నిమిషాలు లాగి ఉంటాను.

లైటు పసుపు రంగుకు మారింది. తర్వాత బీడీ నిప్పులాగా ఎర్రబడింది. ఆరిపోయింది. మోటారు ఒకసారి మూలిగి ఆగింది.

అప్పుడు కోశాను.

దూరంగా మా ఊరి దీపాలు వరసగా కనపడుతున్నాయి. తెడ్డు తీసుకున్నాను. రెండుసార్లు వేశానో లేదో, ఊళ్లో దీపాలన్నీ ఒక్కసారిగా పోయాయి. కరెంటు తీశారు. పైన మబ్బు. ఒక్క చుక్క కూడా లేదు. గాలి బోటును మెల్లగా తిప్పుతున్నట్టు తెలుస్తోంది కాని, ఎటు తిప్పుతోందో తెలియడం లేదు.

"ఇప్పుడేమంటావు?" చీకట్లోంచి రామక్క.

"ఏమనను."

"ఒకటి చాలా?"

"కరెంటొచ్చేదాకా నోరు మూసుకుని కూర్చో."

కూర్చున్నాం. నీళ్లు బోటు అడుగును తట్టే చప్పుడు. రామక్క గాజుల చప్పుడు. చేపల వాసన, నాచు వాసన. ఒకచోట కుదురుగా కూర్చోలేక నేను బ్యాటరీ తీగలు తీసి మళ్లీ తగిలిస్తూ ఉన్నాను. ఏమీ లేదు. చచ్చిన బ్యాటరీ.

వాసన మారింది.

మొదట పట్టించుకోలేదు. తర్వాత తెలిసింది. ఎండి పగిలిన ఎర్రమట్టి మడిలోకి మొదటి నీళ్లు పారినప్పుడు లేచే వాసన. దాని వెనకే పచ్చి చెనక్కాయ ఆకు వాసన. చుట్టూ నీళ్లు... నీళ్ల మధ్యలో పొడినేల తడిసే వాసన.

"రామీ..."

"ఊఁ. నాకూ వస్తాంది."

అప్పుడే ఆమె చెయ్యెత్తింది. "అదో, ఆడ. కరెంటొచ్చె."

ఒక్క బల్బు. కిందుగా, పసుపుపచ్చగా వెలుగుతోంది. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. తెడ్డు గట్టిగా వేశాను. పది, పదిహేను సార్లు. బల్బు దగ్గరవుతోంది. ఊరొస్తే ఇంకా దీపాలుండాలి కదా. ఒక్కటే ఉంది. ఊళ్లో ఇప్పుడు ఎవరింట్లోనూ పచ్చబల్బు లేదు. అన్నీ తెల్లవే.

తెడ్డు ఆపాను.

ఆ బల్బు నాకు తెలుసు.

బోర్ల కింద సేద్యం చేసినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. చేనికి కరెంటు ఎప్పుడు ఇస్తారో ఎవరికీ తెలియదు. ఒకరోజు మధ్యాహ్నం, ఒకరోజు నడిరేయి. అందుకని మోటారు షెడ్డు గుంజకు ఒక బల్బు కట్టి పెడతాం. అది వెలిగితే కరెంటొచ్చినట్టు. చూసినవాడు కేక వేయాలి. ఎవరి వంతయితే వాడు బదులు పలికి పోయి స్టార్టరు ఎత్తాలి. బదులు రాకపోతే కేక వేసినవాడే పోతాడు. నాకూ, నా తమ్ముడు కొండప్పకూ ఒకే బోరు. రోజు విడిచి రోజు వంతు.

పన్నెండేళ్ల కింద, ఒక వానాకాలం. వంతు నాది. స్టార్టరు పెట్టె తడిసింది, ముట్టుకుంటే జివ్వుమంటోంది, కొత్తది పెడదామని కొండప్ప వారం నుంచి అంటున్నాడు. ఇది చాలని నేను. ఆ రాత్రి బల్బు వెలిగింది. వాడు కేక వేశాడు. నేను మేలుకునే ఉన్నాను. తెల్లారి పోతాంలే అని కంబళి కప్పుకున్నాను. బదులు పలకలేదు.

తెల్లారి పోయినప్పుడు మోటారు తిరుగుతూనే ఉంది. చేనంతా నీళ్లు నిండి పారుతున్నాయి. స్టార్టరు పెట్టె కింద కొండప్ప పడి ఉన్నాడు, కట్టెలాగా.

కేక విని కూడా పలకలేదన్న సంగతి రామక్కకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

రిజర్వాయరు నీళ్లు రాకముందే ఆ షెడ్డు పడగొట్టారు. స్తంభాలు పీకారు. తీగలు చుట్టి లారీకెత్తడం నేను నిలబడి చూశాను.

"ఎనక్కి పోనీ," రామక్క గుసగుసగా అంది. "ఎనక్కి..."

తెడ్డు వెనక్కి వేశాను. బోటు కదల్లేదు. ముందుకు పోతోంది... మెల్లగా. నా కాళ్లకింద సన్నటి అదురు. మోటారు తిరుగుతోంది. వంగి బ్యాటరీ తీగలు రెండూ పీకేశాను. చేతిలో ఉన్నాయి ఆ తీగలు. మోటారు తిరుగుతూనే ఉంది.

బల్బు నీళ్ల మీద లేదు.

నీళ్లకింద ఉంది.

మేం దాని పైకి వచ్చేశాం. వెలుగు కిందినుంచి లేస్తోంది. చూడొద్దనుకుంటూనే చూశాను. కింద నీళ్లు లేవు. ఎర్రనేల. సాళ్లు. సాళ్లనిండా చెనక్కాయ మొక్కలు, ఆకులు గాలికి ఊగుతున్నాయి. కాలవలో సన్నగా నీళ్లు పారుతున్నాయి. షెడ్డు ముందర ఒక మనిషి, మావైపు వీపు పెట్టి గొంతుక్కూర్చుని ఉన్నాడు. తలకు తువాలు. ముడి ఎడమ చెవి పైన.

ఆ ముడి వేయడం వాడికి నేర్పింది నేనే.

తల తిప్పలేదు. చెయ్యి మాత్రం ఎత్తాడు.

"అన్నా... కరెంటొచ్చె... వంతు నీది."

కోపం లేదు ఆ గొంతులో. రోజూ అన్నట్టే అన్నాడు. అదే నన్ను చెడగొట్టింది. ముప్పై ఏళ్ల అలవాటు. పన్నెండేళ్ల కింద పలకని బదులు, నేను ఆపేలోపల, నోట్లోంచి వచ్చేసింది.

"వస్తాండాలే."

మోటారు ఆగింది.

కింద మనిషి లేచి పక్కకు తప్పుకున్నాడు. షెడ్డు తలుపులో నాకు దారి వదిలి నిలబడ్డాడు. బోటు ముందుభాగం నీటి మట్టానికి వచ్చింది. ఇంకా దిగుతోంది... చల్లటి నీళ్లు నా మడమలకు తగిలాయి. రామక్క వీపు నల్లగా, ముడుచుకుని కనపడుతోంది. లేవాలని నా మోకాళ్లు వాటంతట అవే చూస్తున్నాయి. పోయి స్టార్టరు ఎత్తి రావాలి, అంతే కదా... అంతే...

అప్పుడు బోటు ముందునుంచి రామక్క గొంతు పలికింది. నాతో తగువుకు వచ్చే గొంతు కాదు, పిల్లలను కసిరే గొంతు కాదు. మరిదికి అన్నం పెడుతూ మాట్లాడే గొంతు.

"ఈ పొద్దు రాడులే కొండప్పా. రేపొస్తాడు."

బోటు దిగడం ఆగింది.

"రేపా, వదినా?"

"రేపే."

బల్బు ఆరిపోయింది. వాసన పోయింది. ఊరి దీపాలు మా కుడిచేతి వైపు, అనుకున్నంత దూరంలో కూడా కాదు, ఒక్కసారిగా వెలిగాయి. తెడ్డుతో గట్టు చేరేసరికి తొమ్మిది కూడా కాలేదు. బ్యాటరీ భుజాన వేసుకుని ఇంటికొచ్చాను. రామక్క తెడ్డు పట్టుకుని ముందు నడిచింది. అన్నం తినలేదు. నేనూ తినలేదు. పడుకోవడం, లేవడం, వాకిట్లోకి పోవడం, రావడం. తెల్లారింది.

కాఫీ ఇచ్చేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమెతో మంచిగా మాట్లాడి చాలా కాలమైంది.

"రాత్రి నువ్వు ఆ మాట అనకపోతే నేను లేను."

"ఏ మాట?"

"రేపొస్తాడని. కొండప్పతో."

రామక్క నన్నే చూసింది. గ్లాసు కింద పెట్టింది.

"నేనేమీ అనలేదయ్యా. నోట్లో కొంగు కుక్కుకుని బోటులో బోర్లా పడుకున్నా. ఊపిరి గూడా తీయలేదు." కొంచెం ఆగి, ఇంకా చిన్నగా అడిగింది. "అనింది నువ్వనుకున్నా. నా మాదిరి మాట్లాడతాండావేమని..."

కాఫీ ఇద్దరమూ తాగలేదు.

ఇదంతా జరిగింది నిన్న. అంటే రేపు అన్నది ఈ రోజు.

గుంతకల్లులో కూతురు దగ్గరికి పోదామని రామక్క సంచీ సర్దింది. బస్సు అయిదింటికి. ఊరు వదిలితే వంతు వదులుతుందా అని నేను అడిగాను. ఆమె సంచీ ముడి బిగించింది. "నీళ్లుండేది ఈడ. ఆడ లేవు. లెయ్యి," అంది. ఇప్పటికి మూడుసార్లు అంది. మూడుసార్లూ ఊఁ అన్నాను. చెప్పులు వేసుకున్నాను. విప్పాను.

పది గంటలప్పుడు సందీప్ ఫోన్ చేశాడు.

"ఏం పెద్దాయనా, తేల్చినావా? ఒకటా, రెండా?"

"రెండు తీసిపెట్టు," అన్నాను.

"ఇంత తొందరగా ఒప్పుకున్నావే. రామక్కవ్వ గెలిచిందన్నమాట. సాయంత్రం బోటు కాడికి తెచ్చి నేనే తగిలిస్తాలే."

సాయంత్రం వద్దు, నేను చెప్పిందాకా నీళ్ల దగ్గరికి రావద్దన్నాను. ఎందుకన్నాడు. పెట్టేశాను.

పాత బ్యాటరీ వాకిట్లో వేపచెట్టు నీడన ఉంది. తీగలు నిన్ననే పీకాను, దేనికీ తగిలించలేదు. పొద్దున ముట్టుకుంటే చెయ్యి కాలింది. రామక్క తడిపిన గోనెపట్ట తెచ్చి దాని మీద కప్పింది. అది ఆరిపోయింది. మళ్లీ తడిపింది. ఆరిపోయింది.

ఇప్పుడు నాలుగు దాటింది. రామక్క సంచీ పట్టుకుని గడప దగ్గర నిలబడి ఉంది. నాలుగోసారి తడిపిన పట్ట మీంచి ఆవిరి లేస్తోంది, దాంతోపాటే ఎర్రమట్టి మొదటి నీళ్లకు తడిసిన వాసన.