అత్తగారు పాసైన పరీక్ష

టీ నీళ్ళు మరిగేలోగా కోడలు ప్రభుత్వ ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం విప్పింది. రెండుసార్లు చదివి స్టవ్ ఆపేసింది.

"ఏమంటారు వాళ్ళు?" అంది అత్తగారు కుర్చీలోంచి.

"మీరు పాసయ్యారు. సహాయకురాలు అక్కర్లేదట. ఒకటో తారీఖు నుంచి రాదు."

అత్తగారికి పక్షవాతం వచ్చి రెండేళ్ళు. కుడిచెయ్యి అసలు మాట వినదు, కాలు సగం వింటుంది. ప్రభుత్వం పంపే సహాయకురాలు రోజంతా కనిపెట్టుకుని ఉండబట్టే కోడలు మందుల ఫ్యాక్టరీలో సీసాలకు మూతలు బిగించే లైన్‌లో నిలబడగలుగుతోంది. భర్త పోయాక ఇల్లు ఆ జీతం మీదే నడుస్తోంది. ఈ ఏడు ఖర్చు తగ్గించాలని పైవాళ్ళకు తోచింది. ఇళ్ళకు వెళ్ళి చూసి, సొంత పనులు చేసుకోగలిగినవాళ్ళకు సాయం ఆపేయమన్నారు. బయటి దేశాల ఆర్డర్లు తగ్గాయని ఫ్యాక్టరీ కూడా సగం పూట పని ఎత్తేసింది. ఉంటే పూర్తి షిఫ్టు, లేదంటే ఇంటికి.

"చూడ్డానికొచ్చిన ఆవిడ ఎంతో మర్యాదగా మాట్లాడిందే," అంది అత్తగారు.

"మీరేం చేశారో చెప్పండి."

చెప్పక తప్పలేదు. ఆఫీసు మనిషి వస్తోందని అత్తగారు ఇస్త్రీ బట్టలు వేయించుకుని, తల దువ్వించుకుని, సహాయకురాలిని వంటింట్లోకి తరిమి, ఎడమచేత్తో గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా ఎదురెళ్ళింది. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఇంటికొచ్చినవాళ్ళని కూర్చుని పలకరించడం ఆమెకు చేతకాదు. బట్టలు మీరే వేసుకుంటారా అంటే ఆహా, స్నానం మీరే చేస్తారా అంటే ఆహా. పైగా టీ కప్పు తన చేత్తోనే అందించింది.

"మీ పరువు కోసం నా ఉద్యోగం గంగలో కలిపారు," అంది కోడలు.

"ఒళ్ళు కడుక్కోవడం చేతకాదని పరాయి మనిషితో చెప్పమంటావా?"

"నా దగ్గర ఒప్పుకుంటున్నారుగా."

"నువ్వు పరాయిదానివా?"

"కాదు కాబట్టే అంతా నా నెత్తిన పడుతుంది. వచ్చే నెల లైన్‌లో నా చోట ఇంకొకరుంటారు. అప్పుడు ఇద్దరం కలిసి పరువు వండుకు తిందాం."

అత్తగారి మొహం పాలిపోయింది. అన్నాక కోడలికీ ప్రాణం ఉసూరుమంది.

"మళ్ళీ అడగడానికి దారి లేదా?" అంది అత్తగారు చివరికి.

"పది రోజుల్లో అర్జీ పెట్టుకోవచ్చు. చేతకానివన్నీ రాయాలి. నేను రాస్తాలెండి."

"నేను చెప్తాను, నువ్వు రాయి. నీకు వదిలితే మెత్తగా రాస్తావు."

స్టాపుల పేర్లు పిలిచే గొంతుతో మొదలుపెట్టింది. "బొత్తాలు పెట్టుకోలేను. స్నానాల గదిలో ఒక్కదాన్నే నిలబడలేను. ఆ రోజు సిగ్గుపడి అబద్ధం చెప్పాను." కాస్త ఆగింది. "నిద్రలో పక్క తడిపిన రోజులున్నాయి. మా కోడలు చప్పుడు కాకుండా దుప్పటి మార్చి, నాకు తెలియదనుకుని వెళ్ళి పడుకుంటుంది."

కలం ఆగిపోయింది. అత్తగారికి ఆ సంగతి తెలుసని కోడలు ఏనాడూ అనుకోలేదు. కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయాయి.

"అది వద్దత్తయ్యా. మిగతావి చాలు."

"చాలకపోతే? రాయమ్మా."

కోడలు కళ్ళు తుడుచుకుని రాసింది. అత్తగారు కాగితం తనవైపు తిప్పుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"దుప్పటి సంగతి పైకి తెచ్చి మళ్ళీ రాయి," అంది. "వాళ్ళు అంత కిందిదాకా చదవరు."